చెమట ఎక్కువైతే కంగారు పడతాం, ఆగిపోతే పట్టించుకోం

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, నల్లగొండలో రూము తీసుకుని కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వయసు 22. చిన్నప్పటి నుంచీ అరచేతులు, అరికాళ్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయట. పరీక్షలో ఓఎంఆర్ షీటు తడుస్తుంది, బయోమెట్రిక్ మిషన్ వేలిముద్ర తీసుకోదు, ఎవరైనా చెయ్యి కలపడానికి వస్తే టెన్షన్. ఇంట్లో ‘వేడి చేసింది’ అంటున్నారు, ఊళ్లో ఆర్‌ఎంపీ ‘నరాల బలహీనత’ అన్నాడు. గ్రౌండులో పరిచయమైన ఒకతను చెమట ఆపే గోళీల పేరు రాసిచ్చాడు, వేసుకోవచ్చా అని అడిగారు. చివర్లో ఇంకో మాట రాశారు: ‘మా అమ్మకు పదేళ్లుగా షుగర్. ఆమె కాళ్లకు మాత్రం చెమటే పట్టదు, ఆమె నయం.’

నేను నల్లగొండలో చాలా ఏళ్లుగా చర్మవ్యాధులు చూస్తున్న డాక్టర్ని. తమ్ముడూ, మీ చేతుల గురించి నాకు భయం లేదు. ఆ గోళీల గురించి, మీ అమ్మగారి కాళ్ల గురించి ఉంది. కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

మన చర్మంలో చెమట గ్రంథులు 20 నుంచి 40 లక్షల దాకా ఉంటాయి. వీటిలో ఎక్కువ భాగం ఎక్రైన్ గ్రంథులు. ఒళ్లంతా ఉంటాయి, అరచేతుల్లో, అరికాళ్లలో, నుదుటి మీద దట్టంగా ఉంటాయి. ఇవి నీళ్లలాంటి పలుచని చెమటను నేరుగా చర్మం మీదికి వదులుతాయి. రెండో రకం అపోక్రైన్ గ్రంథులు. చంకల్లో, గజ్జల్లో, చనుమొనల చుట్టూ ఉంటాయి. ఇవి వెంట్రుక కుదుళ్లలోకి తెరుచుకుంటాయి, యుక్తవయసు వచ్చాకే పని మొదలుపెడతాయి. ఒంటి చల్లదనానికి వీటితో పెద్దగా సంబంధం లేదు. చంక వాసన వీటి దగ్గర మొదలవుతుంది, అయితే చెమటకు దానంతట దానికి వాసన ఉండదు. చర్మం మీద ఉండే బ్యాక్టీరియా ఆ చెమటను విరగ్గొడితే వాసన పుడుతుంది.

చెమట కారడం వల్ల ఒళ్లు చల్లబడదు, ఆరడం వల్ల చల్లబడుతుంది. మన ఇళ్లల్లో మట్టి రంజన్‌లో నీళ్లు చల్లగా ఉండేదీ అందుకే: పైకి ఊరిన తేమ ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీల వేడి పోతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో గాలి వేడిగా ఉన్నా పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా తడవలేదు కదా, చెమట పోలేదు అనుకుంటాం. నిజానికి గంటకు లీటరు పోతున్నా తెలియదు. పాలమూరు నుంచి ముంబైకి కూలికి పోయినవాళ్లు నాతో ఎప్పుడూ అనే మాట, ‘అక్కడ ఎండ మనంత లేదు సార్, కానీ పానం ఉడికిపోతది’ అని. వాళ్లు చెప్పేది అక్షరాలా నిజం. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, కారి కింద పడుతుంది. నేలపాలైన చెమట ఒంటిని చల్లబరచదు.

ఇక మీ చేతుల సంగతి. అరచేతులు, అరికాళ్లు ఎండకన్నా మనసుకు ఎక్కువ స్పందిస్తాయి. పరీక్ష, ఇంటర్వ్యూ, కొత్త మనిషి, ఏదైనా చాలు. మీలాంటివాళ్లలో ఆ గ్రంథులు చూడ్డానికి మామూలుగానే ఉంటాయి, సంఖ్యా ఎక్కువ ఉండదు. మన ప్రమేయం లేకుండా పనిచేసే సింపతెటిక్ నరాల నుంచి వాటికి వచ్చే సంకేతం ఎక్కువగా ఉంటుంది. దీన్ని ప్రైమరీ హైపర్‌హైడ్రోసిస్ అంటాం. చిన్నతనంలోనో పదిహేనేళ్ల లోపో మొదలవడం, రెండు వైపులా సమానంగా ఉండటం, నిద్రలో పూర్తిగా ఆగిపోవడం, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉండటం దీని గుర్తులు. మీరు రాసినవాటిలో దాదాపు అన్నీ ఉన్నాయి. నిద్రలో ఎలా ఉంటుందో మాత్రం రాయలేదు. మీ రూమ్మేటును ఒక రాత్రి మీ అరచెయ్యి తాకి చూడమనండి. పొడిగా ఉంటే నా అనుమానం ఇంకా బలపడుతుంది.

ఇది నరాల బలహీనత కాదు. రక్తం తక్కువైతే వచ్చేది కాదు. గుడ్లు, మామిడిపండ్లు మానేస్తే తగ్గేదీ కాదు. బలానికని సెలైన్ ఎక్కించుకుంటే డబ్బులు పోవడం తప్ప లాభం లేదు. టెన్షన్ వల్లే ఈ జబ్బు వచ్చిందనేది కూడా సరికాదు. చేతులు తడుస్తాయి కాబట్టి టెన్షన్, టెన్షన్ పడితే ఇంకా తడుస్తాయి. ఈ చక్రంలో పడి కాలేజీ మానేసిన పిల్లల్ని చూశాను, పెళ్లిచూపుల్లో చెయ్యి చూపించడానికి భయపడ్డ అమ్మాయిల్ని చూశాను. చిన్న సమస్య అని కొట్టిపారేసేవాళ్లంటే నాకు కోపం వస్తుంది. ప్రాణానికి ప్రమాదం లేదన్నది నిజమే, కానీ రోజూ అనుభవించేవాడికి అది చిన్నది కాదు. పైగా దీనికి వైద్యం ఉంది.

మొదటి మెట్టు పూత మందు. 20 శాతం అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం. దీన్ని వాడే పద్ధతి తెలియక చాలామంది పనిచేయలేదని వదిలేస్తారు. రాత్రి పడుకునే ముందు, చేతులు పూర్తిగా ఆరాక పూయాలి. తడి చేతికి పూస్తే మంట, లాభం సున్నా. చెమట తక్కువగా ఉండే నిద్ర సమయంలో అది గ్రంథి నాళంలోకి దిగి మూత కడుతుంది. పొద్దున్నే కడిగేయాలి. మొదట వరుసగా కొన్ని రాత్రులు, పొడిబారాక వారానికి ఒకటి రెండుసార్లు చాలు. దురద, ఎరుపు వస్తే రెండు రోజులు ఆపండి. చంకలకు బాగా పనిచేస్తుంది, మందమైన అరచేతి చర్మానికి కొంత తక్కువ.

అది చాలకపోతే అయాంటోఫోరెసిస్. పేరు చూసి భయపడకండి. రెండు ట్రేలలో నీళ్లు పోసి, చేతులు ఉంచి, 15 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల చిన్న కరెంటు 20 నిమిషాలు పంపుతారు. కొంచెం చిమచిమలాడుతుంది, అంతే. మొదట్లో వారానికి మూడుసార్లు, కొన్ని వారాల్లో చేతులు పొడిబారాక వారానికి ఒకసారి. అరచేతులకు, అరికాళ్లకు నేను ఎక్కువగా నమ్మేది దీన్నే. ఇందులో ఆర్వో నీళ్లు సరిగ్గా పనిచేయవు, ఎందుకంటే కరెంటును మోసే లవణాలు వాటిలో చాలా తక్కువ. మన బోరు నీళ్లు ఈ పనికి చక్కగా సరిపోతాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, చేతుల్లో రాడ్లు వేయించుకున్నవాళ్లు చేయించుకోకూడదు. ఇంట్లో కరెంటు బోర్డుకు వైర్లు కలిపి సొంతంగా మిషన్ తయారు చేసుకోవద్దు. అది ప్రాణం తీసే పని.

బోటాక్స్ ఇంజెక్షన్లూ ఉన్నాయి. నరం చివర వెలువడే సంకేతాన్ని ఆపుతాయి, ఆరు నెలల దాకా పనిచేస్తాయి. అరచేతిలో నొప్పి ఎక్కువ, ఖర్చూ ఎక్కువ, కొన్ని వారాలు పిడికిలి పట్టు తగ్గొచ్చు. మీకు ఈవెంట్లలో షాట్‌పుట్ ఉంటుంది కాబట్టి ఇప్పుడు వద్దంటాను. ఛాతీలో సింపతెటిక్ నరాన్ని కత్తిరించే ఆపరేషన్ ఉంది. అరచేతులు వెంటనే పొడిబారతాయి. కానీ ఆ తర్వాత చాలామందికి వీపు, పొట్ట, తొడలు విపరీతంగా చెమట పట్టడం మొదలవుతుంది, దాన్ని వెనక్కి తిప్పలేం. మన ఎండల్లో బతికేవాళ్లకు నేనైతే దీన్ని అన్నీ అయిపోయాక చివర్లోనే చెప్తాను.

ఇప్పుడు ఆ గోళీల సంగతి. అందరూ శ్రద్ధగా చదవాల్సింది ఇక్కడే.

సింపతెటిక్ నరాలు చాలాచోట్ల వాడే రసాయనం వేరు. ఎక్రైన్ చెమట గ్రంథుల దగ్గర మాత్రం అవి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. మీకు రాసిచ్చిన గ్లైకోపైరోలేట్ ఈ ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకుంటుంది. అరచేతుల్లోనే అడ్డుకోమంటే అది వినదు, ఒళ్లంతా అడ్డుకుంటుంది. నోరు ఎండిపోతుంది, చూపు మసకబారొచ్చు, మలబద్ధకం, మూత్రం రావడం కష్టం. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. కానీ మీరు ఎండలో 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేస్తున్నారు. పరిగెత్తేటప్పుడు కండరాలు పుట్టించే వేడి బయటికి పోవడానికి ప్రధానమైన దారి చెమటే, ఒంటికన్నా గాలి వేడిగా ఉన్నప్పుడైతే అది ఒక్కటే దారి. ఆ దారిని గోళీతో మూసి గ్రౌండులోకి దిగితే వడదెబ్బ తగలడానికి అన్నీ సిద్ధం చేసుకున్నట్టే. ఏసీ గదిలో కూర్చుని పనిచేసే మనిషికి, డాక్టరు పర్యవేక్షణలో, చిన్న మోతాదులో నేనూ ఈ మందు రాస్తాను. ఎండలో పనిచేసేవాళ్లకు, పరుగు ప్రాక్టీసులో ఉన్నవాళ్లకు ఎండాకాలంలో రాయను. మీరు వేసుకోవద్దు. ఆ గ్రౌండులో ఇంకెవరైనా వేసుకుంటున్నట్టు తెలిస్తే వాళ్లకు కూడా చెప్పండి.

ఇదే ఎసిటైల్‌కోలిన్ కథ పత్తి చేలల్లో ఇంకోలా కనిపిస్తుంది. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆపేస్తాయి. అది ఒంట్లో పేరుకుపోతుంది. అప్పుడు ఒళ్లంతా చెమటలు, నోటి నుంచి చొంగ, కళ్ల నీళ్లు, వాంతులు, కంటిపాప సూదిమొనంత కావడం, ఆయాసం. మందు కొట్టి వచ్చిన మనిషికి ఇలా చెమటలు పడితే ‘ఎండ దెబ్బ, కాసేపు పడుకుంటే పోతుంది’ అని నీడన పడుకోబెట్టొద్దు. బట్టలు విప్పేసి, సబ్బుతో ఒళ్లు కడిగి, 108కు ఫోన్ చేయాలి. మందు కొట్టిన డబ్బా కూడా దవాఖానకు తీసుకుపోవాలి. అక్కడ ఇచ్చే అట్రోపిన్ చేసేది ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకోవడమే. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీరు కూడా నాన్నగారితో పాటు పంపు భుజాన వేసుకుంటారేమో. తడి చర్మం నుంచి మందు ఇంకా సులువుగా లోపలికి పోతుంది. మీ చేతులకు గ్లౌజులు తప్పనిసరి.

వడదెబ్బ గురించి ఒక అపోహ కూడా సరిచేయాలి. ‘చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదు’ అంటారు. వృద్ధులకు ఇంట్లో తగిలే వడదెబ్బలో చర్మం తరచుగా పొడిగా కాలిపోతుంటుంది. కష్టపడి పనిచేస్తూనో పరిగెడుతూనో పడిపోయినవాళ్లకు ఒళ్లు చెమటతో తడిసి ఉన్నా అది వడదెబ్బ కావచ్చు. చూడాల్సింది మనిషి తెలివి. తికమకగా మాట్లాడటం, తూలడం, ఫిట్స్, స్పృహ తప్పడం, దాంతో పాటు ఒళ్లు 40 డిగ్రీలు దాటి కాలుతుంటే వెంటనే నీళ్లు గుమ్మరించి, గాలి తగిలేలా చేసి, అదే సమయంలో 108కు ఫోన్ చేయాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఎండకు ఒళ్లు అలవాటు పడటం అనేది నిజంగా ఉంది. రోజూ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతే వారం నుంచి రెండు వారాల్లో చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువ వస్తుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. చెమట నాళం ఉప్పును వెనక్కి లాక్కోవడం నేర్చుకుంటుంది. కొన్ని వారాలు మానేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే పండక్కి ఇంటికి పోయి వచ్చిన మొదటి రోజే పూర్తి పరుగు తీయొద్దు. ఎక్కువ చెమట పోయినప్పుడు వట్టి నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. ఉప్పు వేసిన సల్ల, అంబలి, నిమ్మకాయ ఉప్పునీళ్లు, లేదా ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒక లీటరు నీళ్లలో. బత్తాయి రసం మంచిదే, కానీ చెమటలో పోయిన ఉప్పు అందులో రాదు. మన జిల్లాలో ఇంకో మాట చెప్పకుండా వదల్లేను. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ ఏం చేసిందో మనకు తెలుసు. ఎంత చెమట పోతే అంత నీళ్లు తాగుతాం, అంత ఫ్లోరైడ్ లోపలికి పోతుంది. వేడి ప్రాంతాల్లో దాని ప్రభావం ఎక్కువ కావడానికి ఇదొక కారణం. నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు. బోరు నీళ్లు చేతులు ముంచే ట్రేలో పోయడానికి సరే, తాగడానికి మాత్రం శుద్ధి చేసి సరఫరా చేసే నీళ్లే వాడండి.

కొన్ని రకాల చెమటలకు మాత్రం ఆలస్యం చేయొద్దు. రాత్రుళ్లు దుప్పటి తడిసేలా చెమట, బరువు తగ్గడం, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే టీబీ పరీక్ష చేయించాలి. గుండె దడ, చేతులు వణకడం, తింటున్నా చిక్కిపోవడం ఉంటే థైరాయిడ్ చూడాలి. షుగర్ గోళీలు వేసుకునే మనిషికి ఒక్కసారిగా చల్లని చెమటలు, వణుకు వస్తే చక్కెర పడిపోయినట్టు, వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వాలి. ఛాతీ బరువుతో చెమటలు పడితే గుండె. షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి లేకుండా చెమటలు, ఆయాసంతోనే గుండెపోటు రావచ్చు. చెమటకాయలు పెద్ద విషయం కాదు. నాళాలు మూసుకుపోయి వస్తాయి, చల్లగా, వదులైన నూలు బట్టల్లో ఉంటే తగ్గుతాయి. పసిపిల్లలకు నూనె, పౌడరు దట్టంగా పట్టించడం మానండి. చంకల్లో, గజ్జల్లో మళ్లీ మళ్లీ గడ్డలు లేచి చీము కారి మచ్చలు కడుతుంటే, అది సెగగడ్డ అని ప్రతిసారీ కోయించుకోవద్దు. హైడ్రాడెనైటిస్ అనే దీర్ఘవ్యాధి కావచ్చు. పేరులో చెమట గ్రంథి ఉన్నా మొదలయ్యేది వెంట్రుక కుదురు మూసుకుపోవడంతో. సిగరెట్, బీడీ, అధిక బరువు దాన్ని పెంచుతాయి.

చెమట రాకపోవడం గురించి ఎవరూ డాక్టరు దగ్గరికి రారు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. ఎండాకాలం వస్తే చాలు జ్వరంతో కాలిపోయే చిన్న మగపిల్లాడు, పళ్లు రెండు మూడే, అవీ మొనదేలి, జుట్టు పలుచగా, ఇలాంటి పిల్లాడికి యాంటీబయాటిక్స్ మీద యాంటీబయాటిక్స్ పోస్తుంటారు. వాడికి పుట్టుకతోనే చెమట గ్రంథులు సరిగ్గా ఉండవు. 19వ శతాబ్దంలోనే డార్విన్ సింధ్ ప్రాంతంలోని ఒక కుటుంబం గురించి రాశాడు: నాలుగు తరాల్లో పదిమంది మగవాళ్లకు పళ్లు తక్కువ, జుట్టు తక్కువ, ఎండాకాలంలో పొడిబారిన చర్మంతో బాధ. ఆ ఇంట్లో కూతుళ్లకు రాలేదు, కానీ వాళ్ల కొడుకులకు వచ్చింది. మన దగ్గర దీన్ని మేనరికం మీదికి నెడతారు. ఎక్కువగా కనిపించే రకం తల్లి ఎక్స్ క్రోమోజోము ద్వారా వచ్చేది, మేనరికానికి సంబంధం లేదు. తల్లి తప్పు కూడా లేదు. ఆ పిల్లాడికి కావాల్సింది తడి చొక్కా, నీడ, బడిలో కిటికీ పక్కన చోటు, పళ్ల డాక్టరు.

ఇంకొకటి కుష్ఠు. పొలంలో పనిచేసి వచ్చాక చెయ్యంతా తడిసి, ఒక్క మచ్చ దగ్గర మాత్రం పొడిగా ఉంటే, అక్కడ స్పర్శ తగ్గి వెంట్రుకలు రాలితే, దాచుకోకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. మందులు ఉచితం, రకాన్ని బట్టి 6 నెలలు లేదా 12 నెలలు. అనుమానం ఉన్నచోట అయోడిన్ పూసి, ఆరాక పిండి చల్లి చూస్తాం. చెమట ఊరినచోట నల్లగా మారుతుంది, ఊరనిచోట మారదు.

ఇప్పుడు మీ అమ్మగారు. షుగర్ దీర్ఘకాలం ఉంటే ముందుగా దెబ్బతినేవాటిలో కాళ్లలోని సన్నని నరాలు ఉంటాయి. నొప్పిని, వేడి చలి తేడాను, చెమటను నడిపేవి ఇవే. కాళ్లకు చెమట ఆగిందంటే ఆ నరాలు దెబ్బతిని ఉండొచ్చు. చెమట లేని చర్మం ఎండి పగులుతుంది. పగులులోంచి క్రిములు లోపలికి పోతాయి. నొప్పి తెలియదు కాబట్టి పుండు పెద్దదయ్యేదాకా ఎవరూ చూడరు. అదే సమయంలో కొందరికి ముఖం, మెడ మామూలుకన్నా ఎక్కువ తడుస్తుంటాయి, ముఖ్యంగా అన్నం తినేటప్పుడు. ఆమెను ఇది అడిగి చూడండి. కాలి వేళ్లు కోల్పోయినవాళ్లలో చాలామంది, ‘మొదట్లో కాళ్లు పొడిగానే ఉండేవి సార్, బాగుందనుకున్నా’ అన్నవాళ్లే.

నల్లగొండ, మహబూబ్‌నగర్ సర్కారు మెడికల్ కాలేజీ దవాఖానల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంది, షుగర్ చూసే జనరల్ మెడిసిన్ ఓపీ కూడా ఉంది. మీరు వచ్చేటప్పుడు ఆమెను వెంట తీసుకురండి. సన్నని నైలాన్ పోగుతో అరికాలిని తాకి స్పర్శ ఎంత ఉందో చూసే పరీక్ష కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. ఈలోగా మధ్యాహ్నం వాకిట్లోకి గానీ చేనులోకి గానీ ఉత్త కాళ్లతో పోవద్దని చెప్పండి, వేడి నేలకు కాలినా ఆమెకు తెలియకపోవచ్చు. స్నానం నీళ్ల వేడిని కాలితో కాకుండా మోచేత్తో చూసుకోమనండి. కడిగాక వేళ్ల సందులు తుడిచి, మడమలకు వ్యాసెలిన్ లాంటిది రాయాలి, వేళ్ల మధ్య రాయకూడదు. రోజూ రాత్రి అరికాళ్లు ఎవరో ఒకరు చూడాలి. మీరు రూములో ఉంటారు కాబట్టి ఆ పని ఇంట్లో ఎవరు చేస్తారో ముందే మాట్లాడుకోండి. ఆమె రోజూ వేసుకునే చెప్పులు కూడా తీసుకురండి. స్పర్శ తగ్గినట్టు తేలితే వాటి బదులు ఎంసీఆర్ అనే మెత్తని రబ్బరు చెప్పులు రాసిస్తాం.